వెయ్యి వాట్లు... ఎంతసేపు?

కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి అడుగుతాం, గ్రాఫిక్స్ కార్డు గురించి వాదిస్తాం, రంగురంగుల లైట్లకూ డబ్బు పెడతాం. వీటన్నిటికీ కరెంటు పంచే రేకుడబ్బా (ఎస్‌ఎంపీఎస్) దగ్గరకు వచ్చేసరికి ‘ఏదో ఒకటి వేసెయ్యన్నా’ అంటాం. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఐదారు వందల వాట్లు అడుగుతున్న ఈ రోజుల్లో ఆ మాట ఖరీదైనది. పెద్ద ఎస్‌ఎంపీఎస్ సత్తాను ఎలా పరీక్షిస్తారు, ఆ పరీక్షల్లో ఏం బయటపడుతుంది? ఇదీ ఈ ఆదివారం కథనం.

పది బల్బులు. కారు హెడ్‌లైట్లలో వేసే 12 వోల్టుల హాలోజన్ బల్బులు, ఒక్కోటి 100 వాట్లు. సిమెంటు పలక మీద రెండు వరసలుగా బిగించి, ఒక్కోదానికి లావుపాటి రాగి తీగ లాగి, అన్నిటినీ తెచ్చి ఒక కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు కలిపాను. డబ్బా మీద 1000 వాట్లని రాసి ఉంది. పది వందలు వెయ్యి. లెక్క సరిపోయిందనుకుని స్విచ్ వేశాను.

టిక్కుమని ఒక్క శబ్దం. ఒక్క బల్బూ వెలగలేదు. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ వేశాను. మళ్లీ అదే టిక్కు, అదే నిశ్శబ్దం.

లేబుల్ అబద్ధం చెబుతోందని ఆ రాత్రి అనుకున్నాను. తప్పు నా పరీక్షలో ఉందని తెల్లారాక అర్థమైంది. బల్బులోని ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం, వెలిగి ఎర్రగా కాలుతున్నప్పుడు ఉండేదానిలో పదో వంతుకు పడిపోయి ఉంటుంది. అంటే ఆ పది బల్బులూ మొదటి క్షణంలో అడిగింది 1000 వాట్లు కాదు, దానికి పది రెట్లు. డబ్బాకు అది అచ్చం షార్ట్ సర్క్యూట్‌లాగే కనిపించింది. ఎవరో తీగలు కలిపేశారనుకుని తనను తాను ఆపేసుకుంది. ఆ పరిస్థితిలో చేయవలసిన పని అదే.

ఒక్కో బల్బుకు ఒక్కో స్విచ్ పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వేస్తే పదీ వెలిగాయి. గది మిట్టమధ్యాహ్నంలా మారింది. పది నిమిషాలకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పవర్ సప్లై విషయంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ టిక్కు శబ్దం. అది ఎంత ఇవ్వగలదన్నది సగం ప్రశ్నే. ఎంతసేపు ఇవ్వగలదు, ఇవ్వలేని క్షణం వచ్చినప్పుడు ఎలా ఆగుతుంది అన్నవి మిగతా సగం. పరీక్షలన్నీ చివరికి ఈ రెండో సగం దగ్గరే తేలతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇలాంటి బల్బుల ఏర్పాటు ఇంట్లో ఎవరూ చేయవద్దు. ఎస్‌ఎంపీఎస్ మూత అసలే తీయవద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా అది కొంతసేపు అక్కడే ఉంటుంది.

డబ్బాలో దాగిన 83 ఆంపియర్లు

వెయ్యి వాట్లంటే ఇంట్లో మనకు పెద్ద సంఖ్యేమీ కాదు. ఇస్త్రీపెట్టె అంత తీసుకుంటుంది, గీజర్ రెట్టింపు తీసుకుంటుంది. కానీ ఇస్త్రీపెట్టెకు ఆ శక్తి 230 వోల్టుల దగ్గర అందుతుంది కాబట్టి తీగలో పారే కరెంటు నాలుగైదు ఆంపియర్లే. కంప్యూటర్‌కు కావలసింది 12 వోల్టులు. 1000ని 12తో భాగించండి: 83 ఆంపియర్లు. 1600 వాట్ల డబ్బా అయితే 133. కారు స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ నుంచి స్టార్టర్ మోటారుకు పారే కరెంటుతో పోల్చదగిన సంఖ్య ఇది. కారుకు అది రెండు మూడు క్షణాల పని. ఇక్కడ గంటల తరబడి పారాలి. పైగా 12 వోల్టులు 11.4కు దిగకూడదు, 12.6 దాటకూడదు.

ఇంత కరెంటు ఇంట్లోకి రావడానికి కారణం గ్రాఫిక్స్ కార్డులు. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి ఎన్విడియా ఇచ్చిన విద్యుత్ పరిమితి 450 వాట్లు. 2025 జనవరిలో వచ్చిన 5090కి అది 575 వాట్లయింది. దీనికి ప్రాసెసర్ తీసుకునే రెండు మూడు వందల వాట్లు కలపండి. ఒకప్పుడు 1000 వాట్ల డబ్బా పోటీల కోసం కంప్యూటర్లు కట్టేవాళ్ల దగ్గరే ఉండేది. ఇప్పుడు త్రీడీ రెండరింగ్ చేసుకునే కుర్రాళ్లూ, సొంత యంత్రం మీద కృత్రిమ మేధ మోడళ్లు నడుపుకునే విద్యార్థులూ అదే అడుగుతున్నారు.

ఆ డబ్బా లోపలి ప్రయాణం చెప్పుకోవాలి, లేకపోతే పరీక్షలు అర్థం కావు. గోడలోంచి వచ్చే ఏసీని ముందు డీసీగా మార్చి, సుమారు 390 వోల్టులకు పెంచి ఒక పెద్ద కెపాసిటర్‌లో నిల్వ చేస్తారు. అక్కడి నుంచి ట్రాన్సిస్టర్లు దాన్ని సెకనుకు వేల, లక్షల సార్లు కోసి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పంపుతాయి. అవతలి పక్క 12 వోల్టులు వస్తాయి. 5 వోల్టులు, 3.3 వోల్టులను మంచి డబ్బాల్లో ఆ 12 నుంచే మళ్లీ తయారు చేస్తారు. స్విచ్చుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేస్తుంది గనకే స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై. మన బజారు భాషలో ఎస్‌ఎంపీఎస్.

లేబుల్‌లో ఏ గడి చూడాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కినవాళ్లకు ఒక దృశ్యం పరిచయమే. షాపు కుర్రాడు ఒక చేతిలో ఒక డబ్బా, ఇంకో చేతిలో ఇంకో డబ్బా పెట్టి ‘బరువు చూడండన్నా, మీకే తెలుస్తుంది’ అంటాడు. బరువు తూచడం వెర్రి పని కాదు. లోపల హీట్‌సింకులూ, ట్రాన్స్‌ఫార్మర్ రాగీ, కెపాసిటర్లూ తగ్గించిన డబ్బా తేలిగ్గానే ఉంటుంది. చాలాకాలం మనవాళ్ల చేతిలో ఉన్న ఏకైక పరీక్షా పరికరం అదే. అయితే గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు, సామర్థ్యం పెరిగిన సర్క్యూట్లు వచ్చాక పెద్ద హీట్‌సింకుల అవసరమే తగ్గింది. కోర్సెయిర్ 2018లో తెచ్చిన ఏఎక్స్1600ఐలో ఆ ట్రాన్సిస్టర్లే వాడారు. కాబట్టి చేతి తూకం ఇప్పుడు సగం నిజమే చెబుతుంది.

లేబుల్ మాత్రం ఇప్పటికీ చాలా చెబుతుంది, చదవడం తెలిస్తే. పెద్ద అక్షరాల సంఖ్యను వదిలేసి, కింద చిన్న పట్టికలో ‘+12వి’ అన్న గడి వెతకండి. అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. మంచి 1000 వాట్ల డబ్బాలో ఆ గడిలో 83 ఉంటుంది. గుణిస్తే వెయ్యికి దగ్గరగా వస్తుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ‘450 వాట్ల’ డబ్బాల్లో ఆ గడిలో 14 అని రాసి ఉంటే? 168 వాట్లు. మిగతాదంతా ఇవాళ్టి కంప్యూటర్ పెద్దగా వాడుకోని 5, 3.3 వోల్టుల లైన్ల మీద వేసిన లెక్క.

చాలా ఏళ్ల కిందట నా మొదటి సొంత కంప్యూటర్ అలాంటి డబ్బాతోనే పోయింది. ఓ సాయంత్రం చిన్న పటాసు పేలినట్టు శబ్దం, ఆ వెనకే కాలిన వాసన. డబ్బా తను పోతూ మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో మా నాన్న చివరి రెండేళ్ల ఫొటోలున్నాయి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. డబ్బా పాడవడం మీద నాకు కోపం లేదు, యంత్రాలు పాడవుతాయి. పాడయ్యేటప్పుడు పక్కవాళ్లను లాగకుండా పాడవడం దానికి ఎవరూ నేర్పలేదు. నా బాధంతా అక్కడే. ఆ రోజు నుంచే నేను ఈ డబ్బాల వెంట పడ్డాను.

ప్రయోగశాలలో ఏం చేస్తారు?

బల్బులు మొండి పరికరాలు. అసలు పరీక్షకు ఎలక్ట్రానిక్ లోడు కావాలి. తైవాన్‌కు చెందిన క్రోమా కంపెనీ పరికరాలు ఈ రంగంలో ప్రసిద్ధం. ఏ లైను మీద ఎన్ని ఆంపియర్లు కావాలో నొక్కితే, సరిగ్గా అన్నే లాగుతాయి. మిల్లీసెకను పాటు లాగమంటే మిల్లీసెకనే లాగుతాయి. గోడ వైపు ఒక పవర్ ఎనలైజర్, లోపలికి పోయే విద్యుత్తును కొలవడానికి. ఇంకో పక్క ఆసిలోస్కోప్. డబ్బా చుట్టూ వేడిని పట్టి ఉంచే పెట్టె.

పది శాతం లోడుతో మొదలుపెట్టి పది పది పెంచుకుంటూ వంద దాకా, ఒక్కోసారి నూటపది దాకా పోతారు. ప్రతి మెట్టు దగ్గరా వోల్టేజీ ఎంత జారిందో, ఎంత విద్యుత్తు వేడిగా పోయిందో, ఫ్యాన్ ఎంత చప్పుడు చేసిందో రాసుకుంటారు. తర్వాత అడ్డదిడ్డపు లోడు: 12 వోల్టుల లైను మీద పూర్తి భారం, 5 వోల్టుల మీద దాదాపు శూన్యం, ఆపైన దానికి తలకిందులు. పాత రకం సర్క్యూట్లు ఇక్కడ తడబడతాయి. ఒక లైను కిందికి జారుతుంటే ఇంకోటి పైకి పోతుంది. మంచి రకాలకు ఇదో లెక్కే కాదు.

రిపుల్ దగ్గర కాస్త ఆగాలి. 12 వోల్టుల డీసీ అంటే తిన్నని గీతలా ఉంటుందనుకుంటాం. ఆసిలోస్కోప్‌లో దగ్గరికి లాగి చూస్తే ఆ గీత మీద సన్నని అలలు కనిపిస్తాయి. లోపల సెకనుకు అన్నిసార్లు కోసి అతికిన కరెంటు కదా, ఆ అతుకుల గుర్తులవి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను మీద ఆ అలల ఎత్తు 120 మిల్లీవోల్టులు మించకూడదు, 5, 3.3 వోల్టుల మీద 50 మించకూడదు. మంచి డబ్బాల్లో 12 వోల్టుల అల నిండు లోడులోనూ 30 మిల్లీవోల్టుల లోపే ఉంటుంది. కొలిచే పద్ధతికి కూడా నియమాలున్నాయి: కనెక్టర్ దగ్గర 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి పెట్టాలి, స్కోపును 20 మెగాహెర్ట్జ్‌లకు పరిమితం చేయాలి. ఈ రెండూ చేయకుండా తీసిన కొలతతో ఎవరైనా ఒక డబ్బాను తిడుతున్నా, పొగుడుతున్నా నేను పట్టించుకోను.

అల పెద్దదైతే కంప్యూటర్ వెంటనే ఆగదు. మదర్‌బోర్డు మీదా, గ్రాఫిక్స్ కార్డు మీదా ఉన్న కెపాసిటర్లు దాన్ని మింగుతూ వేడెక్కుతుంటాయి. కెపాసిటర్ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఒక మోటు లెక్క ఉంది. రెండేళ్ల తర్వాత బోర్డు పోతుంది. నింద బోర్డు మీద పడుతుంది.

కరెంటు పోయిన ఆ 17 మిల్లీసెకన్లు

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే పరీక్ష ఇది. డబ్బా నిండు లోడులో ఉండగా గోడ కరెంటు తీసేస్తారు. తీసేశాక 12 వోల్టులు ఎంతసేపు నిలబడిందో స్కోపులో కొలుస్తారు. దీన్ని హోల్డప్ సమయం అంటారు. పాత నిబంధనలో నిండు లోడుకు సుమారు 16, 17 మిల్లీసెకన్లు నిలబడాలి. కొత్తగా వచ్చిన ఏటీఎక్స్ 3.1 నిండు లోడులో 12 చాలంది, 80 శాతం లోడులో 17 అడుగుతోంది.

మన ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక్కో ఊపు 20 మిల్లీసెకన్లు. హోల్డప్ దాదాపు ఒక ఊపంత కాలం. వెయ్యి వాట్లను 17 మిల్లీసెకన్లు నిలబెట్టడానికి కావలసిన శక్తి 17 జౌళ్లు. కిలో బియ్యం పొట్లాన్ని నేల మీంచి మనిషి ఎత్తుకు లేపడానికి అంతే పడుతుంది. ఆ కాస్త శక్తినీ పెద్ద కెపాసిటర్ దాచి ఉంచుకుంటుంది. ఖర్చు తగ్గించాలనుకున్న తయారీదారు చెయ్యి మొట్టమొదట వెళ్లేది ఆ కెపాసిటర్ మీదికే.

మన ఊళ్లలో ఇది పుస్తకాల్లో ఉండే పరీక్ష కాదు. గాలివాన సాయంత్రం లైట్లు ఒక్కసారి రెప్పవేసి మళ్లీ వెలుగుతాయి. లైను మీద ఎక్కడో కొమ్మ తగిలి ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల కూడా ఇలాంటి ఖాళీయే. అందులో కంప్యూటర్ నిలిచిందా, రీస్టార్ట్ అయిందా అన్నది ఆ 17 జౌళ్ల మీద, ఇన్వర్టర్ మారే వేగం మీద ఆధారపడి ఉంటుంది.

నిలబడడంతో పాటు ఇంకో మర్యాద కూడా ఉంది. ‘పవర్ గుడ్’ అని ఒక సంకేతం డబ్బా నుంచి మదర్‌బోర్డుకు నిరంతరం వెళుతుంటుంది. వోల్టేజీ పడిపోవడానికి కనీసం 1 మిల్లీసెకను ముందే డబ్బా ఆ సంకేతాన్ని తీసేయాలి. ‘నేను పోతున్నాను, నువ్వు సర్దుకో’ అని చెప్పడమన్నమాట. కొన్ని డబ్బాలు వోల్టేజీ కూలిపోయాక కూడా అంతా బాగుందని చెబుతూనే ఉంటాయి. పరీక్షలో ఇది కనిపిస్తే, మిగతా సంఖ్యలు ఎంత బాగున్నా ఆ డబ్బాను నేను ఎవరికీ చెప్పను.

ఇంటి ఇన్వర్టర్ గురించి ఒక మాట. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకునే 900 వీఏ ఇన్వర్టర్ మీద ఇలాంటి యంత్రాన్ని వేయడమంటే ఎడ్లబండికి లారీ సరుకెత్తడమే. చతురస్రపు అలతో నడిచే చవక ఇన్వర్టర్లు కొత్త ఎస్‌ఎంపీఎస్‌లతో సరిగా పొసగకపోవచ్చు కూడా. యూపీఎస్ కొంటే సైన్ వేవ్‌దే కొనండి.

వంద మైక్రోసెకన్ల ఓర్పు

2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు వచ్చినప్పుడు ఒక వింత మొదలైంది. లెక్క ప్రకారం సరిపోయే డబ్బాలే, ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేవి. కార్డు సగటున తీసుకునేది మూడున్నర వందల వాట్లయినా, మిల్లీసెకను కంటే తక్కువ కాలం పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతోందని స్కోపులు పెట్టి చూస్తే తెలిసింది. గోడకు పెట్టే వాట్‌మీటర్లు ఆ గంతును చూడలేవు, అవి సగటునే చూపిస్తాయి. డబ్బాలోని రక్షణ సర్క్యూట్ మాత్రం చూసింది, భయపడి ఆగింది.

ఆ అనుభవాన్ని ఇంటెల్ 2022లో ఏటీఎక్స్ 3.0 నియమంగా రాసింది. కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న, 450 వాట్లు దాటిన డబ్బా తన రేటింగ్‌కు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు మోయాలి. 180 శాతాన్ని 1 మిల్లీసెకను, 160 శాతాన్ని 10 మిల్లీసెకన్లు, 120 శాతాన్ని 100 మిల్లీసెకన్లు. అంటే మన 1000 వాట్ల డబ్బా సెకనులో పదివేలో వంతు సేపు 2000 వాట్లు ఇచ్చి తీరాలి. ఆ భారం తగ్గకుండా ఉండిపోతే మాత్రం ఆగిపోవాలి. ఓర్చుకోవాలి, ఓర్పుకు హద్దూ ఉండాలి. ఇంజినీర్‌కు నిజమైన తలనొప్పి ఇక్కడే. హద్దు దగ్గరగా పెడితే ఆట మధ్యలో కంప్యూటర్ ఆగుతుంది, దూరంగా పెడితే డబ్బా కాలుతుంది.

దూరంగా పెడితే ఏమవుతుందో 2021లో ప్రపంచమంతా చూసింది. గిగాబైట్ కంపెనీ పీ750జీఎం, పీ850జీఎం అన్న రెండు మోడళ్లు. చిప్పుల కొరతతో గ్రాఫిక్స్ కార్డులు దొరకని రోజులవి. అమెరికాలో న్యూఎగ్ అనే అమ్మకపు సంస్థ కార్డుతో పాటు ఈ డబ్బాను కలిపి కట్టలుగా అమ్మింది. కార్డు కావాలంటే డబ్బా కొనాల్సిందే. అలా కొన్నవాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. గేమర్స్ నెక్సస్ అనే సమీక్షా బృందం ఆ డబ్బాలను తెచ్చి లోడు టెస్టర్ మీద ఎక్కించింది. భారం పెంచుతూ పోతుంటే రక్షణ సర్క్యూట్ కలగజేసుకోవలసిన చోట కొన్ని యూనిట్లలో నిప్పురవ్వలతో పేలుళ్లు వచ్చాయి. కెమెరా ముందే జరిగింది.

ఆ ఆగస్టులో గిగాబైట్ ప్రకటన ఇచ్చింది. అధిక భారం దగ్గర ఆగే హద్దు మొదట 120 నుంచి 150 శాతం మధ్య ఉండేదనీ, దాన్ని 110 నుంచి 120 శాతానికి తగ్గించామనీ, ఫలానా సీరియల్ నంబర్ల డబ్బాలను మార్చి ఇస్తామనీ చెప్పింది. హద్దుకు దగ్గరగా ఎలక్ట్రానిక్ లోడుతో చాలాసేపు పరీక్షిస్తేనే ఈ ఇబ్బంది వస్తుందనీ, మామూలు వాడకంలో అలా జరగదనీ కూడా అంది.

లెక్క వేసి చూడండి. 850 వాట్ల డబ్బాకు 150 శాతమంటే 1275 వాట్లు. లోపలి ట్రాన్సిస్టర్లు అంత భారం ఎంతసేపు మోయగలవో చూసుకుని పెట్టవలసిన హద్దు అది. హద్దు వచ్చేలోపే ట్రాన్సిస్టర్ పోతే ఆ హద్దు ఉన్నా లేనట్టే. ‘మామూలు వాడకంలో అలా జరగదు’ అన్న మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఫ్యూజు మామూలు రోజుల కోసం పెట్టరు కదా. రక్షణను పరీక్షించేవాడు చేసేది, ఆ మామూలు కాని రోజును ముందుగా పిలిచి చూడడమే.

రెంటచింతల ఎండలో బంగారు బిళ్ల

డబ్బా మీద కనిపించే బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం బిళ్లల గురించి అందరూ అడుగుతారు. 2004లో అమెరికాలో మొదలైన ‘80 ప్లస్’ పథకం అది. ఎంత విద్యుత్తు లోపలికి పోతే ఎంత బయటికి వస్తుందన్న సామర్థ్యానికి ఇచ్చే గుర్తింపు. 115 వోల్టుల పరీక్షలో గోల్డ్‌కు సగం లోడు దగ్గర 90 శాతం, ఇరవై, వంద శాతం లోడుల దగ్గర 87 రావాలి. టైటానియం సగం లోడులో 94 తేవాలి. పథకం మంచిదే. దాని వల్ల ప్రపంచమంతా డబ్బాల వృథా తగ్గింది.

అయితే ఆ బిళ్ల చెప్పనివి చాలా ఉన్నాయి. రిపుల్ గురించి చెప్పదు. హోల్డప్ గురించి చెప్పదు. ఎలా ఆగుతుందో అసలే చెప్పదు. పరీక్ష జరిగేది కూడా 23 డిగ్రీల దగ్గర. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గదిలో 23 డిగ్రీలు ఎక్కడివి? బయట 45, ఏసీ లేని గదిలో 40. అది క్యాబినెట్ లోపలికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. అందుకే కొనేముందు స్పెసిఫికేషన్‌లో ఒక్క వాక్యం వెతకండి: పూర్తి వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర? కొన్నిటికి 40 డిగ్రీలని ఉంటుంది, మంచివాటికి 50 అని. మన ఎండలకు ఆ పది డిగ్రీలు బిళ్ల రంగు కన్నా విలువైనవి. సైప్రస్ కేంద్రంగా పనిచేసే సైబెనెటిక్స్ సంస్థ సామర్థ్యానికీ శబ్దానికీ వేర్వేరు గుర్తింపులు ఇస్తుంది, కొలతల నివేదికలు అందరికీ తెరిచి పెడుతుంది. నేను బిళ్లకన్నా ముందు ఆ నివేదిక చూస్తాను.

బిళ్ల ఆదా చేసే డబ్బెంతో కూడా చూద్దాం. 500 వాట్లు వాడే యంత్రం, రోజుకు 8 గంటలు. సామర్థ్యం 90 శాతమైతే గోడ నుంచి 556 వాట్లు, 94 శాతమైతే 532. ఏడాదికి తేడా 70 యూనిట్ల లోపు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఐదున్నర వందల రూపాయలు. కాదనలేని మొత్తమే గానీ, దాని కోసం వేలు పోసి పైరంగు బిళ్ల కొననక్కర్లేదు. ఆ డబ్బు మంచి రక్షణ ఉన్న డబ్బా మీద పెట్టడం మేలు.

మనకు ఒక విషయంలో అదృష్టం ఉంది. ఒకే డబ్బా 115 వోల్టుల మీద కన్నా 230 వోల్టుల మీద ఎక్కువ సామర్థ్యంతో నడుస్తుంది, తీగల్లో కరెంటు సగమే కాబట్టి. 1600 వాట్ల డబ్బాను నిండా వాడితే గోడ నుంచి సుమారు 1740 వాట్లు లాగుతుంది. అమెరికా ఇళ్లలో మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు అది మించిన పని. మన దగ్గర ఏడున్నర ఆంపియర్లు, అంతే. కానీ గోడకున్న చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే 1380 వాట్ల దాకానే. పెద్ద డబ్బాను గీజర్, ఏసీలకు వాడే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే పెట్టాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నదానికి. చిన్న సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, దానికి ఇంకో నాలుగు వస్తువులు తగిలించి, ‘ఎస్‌ఎంపీఎస్ బాగాలేదు’ అన్నవాళ్లను చూశాను. బాక్సు ప్లాస్టిక్ కరగడం కూడా చూశాను.

కరగడమంటే గుర్తొచ్చింది. 2022 చివర్లో 4090 కార్డుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. 600 వాట్లను 12 వోల్టుల దగ్గర పంపాలంటే 50 ఆంపియర్లు; ఆరు పిన్నులకు పంచితే ఒక్కోదానికి 8.3. ఆ పిన్ను తట్టుకోగలిగేది తొమ్మిది చిల్లర. పాత 8 పిన్నుల కనెక్టర్‌లో ఒక్కో పిన్నుకు నాలుగు ఆంపియర్లే వచ్చేవి. కొత్తదాంట్లో ప్లగ్గు పూర్తిగా దిగకపోయినా, ఒక పిన్ను సరిగా తగలకపోయినా మిగతావాటి మీద భారం పెరుగుతుంది. వేడి కరెంటుతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 2023లో 12వి-2x6 పేరుతో ఆ కనెక్టర్‌ను సవరించారు. పూర్తిగా దిగితే తప్ప కార్డుకు కరెంటు అడిగే అనుమతి రాకుండా సెన్స్ పిన్నులను పొట్టి చేశారు. చేత్తో ‘టక్’ అనేదాకా నొక్కి, అంచు దగ్గర సందు లేదని కళ్లతో చూడడం ఇప్పటికీ మంచి పద్ధతి.

ఇంటి దగ్గర మూత తీయకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఓసీసీటీ లాంటి ప్రోగ్రామ్‌తో ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ ఒకేసారి అరగంట శ్రమపెట్టండి, వీలైతే వేసవి మధ్యాహ్నం. మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ చూపే వోల్టేజీని నమ్మకండి. తెలిసినవాళ్ల చేత ఖాళీగా ఉన్న డ్రైవు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టించి చూడండి. 12 వోల్టులు 11.4 దాకా రాకపోవడం ప్రమాణం, 11.8 పైనే ఉంటే నాకు తృప్తి. క్లాంప్ మీటర్ వాడేవాళ్లు అది డీసీని కొలిచే రకమో కాదో చూసుకోవాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే చాలా మీటర్లు ఏసీ ఒక్కటే కొలుస్తాయి, ఇక్కడ సున్నా చూపిస్తాయి.

నా బల్బుల పలక ఇంకా ఉంది. ఇప్పుడు దాని మీద పద్నాలుగు బల్బులు. కిందటి వేసవిలో ఒక మిత్రుడి కోసం కొత్త 1000 వాట్ల డబ్బా తెచ్చి, గదిలో థర్మామీటర్ 41 చూపిస్తుండగా ఎక్కించాను. పది బల్బులు, గంటసేపు. వోల్టేజీ కదల్లేదు. ఫ్యాన్ హోరెత్తింది, వెనక నుంచి వచ్చే గాలి చేతికి చురుక్కుమంది. పదకొండో స్విచ్ వేశాను, మోసింది. పన్నెండోది. కొద్దిసేపు మోసింది. పదమూడోది వేయగానే టిక్కు. గది చీకటైంది. పొగ లేదు, వాసన లేదు.

ప్లగ్గు తీసి, కిటికీ తెరిచి, బల్బులు చల్లారేదాకా పది నిమిషాలు కూర్చున్నాను. మళ్లీ ప్లగ్గు పెట్టి, మొదటి స్విచ్ ఒక్కటే వేశాను. ఫ్యాన్ తిరిగింది. మీటర్ 12.04 చూపించింది.